ట్రయంఫ్ డోలమైట్: ఒకే బాడీలోంచి ఇన్ని కార్లు ఎలా వచ్చాయి?

బ్రిటన్ పాత కార్ల గురించి చదివేవారిని తికమకపెట్టే పేర్లలో 'ట్రయంఫ్ 1500' ముందుంటుంది. 1970లో వచ్చిన ట్రయంఫ్ 1500లో ఇంజన్ శక్తి ముందు చక్రాలకు అందేది. 1973లో దాని స్థానంలో వచ్చిన 1500 టీసీ చూడటానికి అచ్చం అలాగే ఉంటుంది, కానీ అందులో శక్తి వెనక చక్రాలకు చేరుతుంది. 1976 నుంచి దాదాపు అదే కారును డోలమైట్ 1500 పేరుతో అమ్మారు. అంతకు నాలుగేళ్ల ముందే డోలమైట్ పేరుతో, పూర్తిగా వేరే ఇంజన్‌తో మరో కారు రోడ్ల మీద తిరుగుతోంది. ఆ వరసలోనే 1973లో డోలమైట్ స్ప్రింట్ వచ్చింది. నలుగురు కూర్చునే, నాలుగు తలుపుల కుటుంబ కారు అయి ఉండి కూడా అది రేసుల్లో గెలిచింది.

మోడళ్ల జాబితా ఎన్నిసార్లు చదివినా ఈ చిక్కు విడిపోదు. బాడీ ఎక్కడి నుంచి వచ్చింది, ఇంజన్ ఎక్కడి నుంచి వచ్చింది, ఏ చక్రాలు కారును నడుపుతున్నాయి అనే మూడు ప్రశ్నలను విడివిడిగా అడగాలి. అలా చూస్తే స్ప్రింట్ ఒక ప్రణాళిక ప్రకారం పుట్టిన కారు కాదని తెలుస్తుంది. వేర్వేరు అవసరాల కోసం వేర్వేరు సంవత్సరాల్లో తయారైన భాగాలు ఒకచోట కలిస్తే పుట్టిన కారు అది. ఆ భాగాల్లో ఒకదాన్ని అప్పట్లో చాలామంది వెనకడుగు అన్నారు. అది లేకపోతే స్ప్రింటే లేదని నా అభిప్రాయం.

మొదటి బాడీ: 1965 నాటి ట్రయంఫ్ 1300

ట్రయంఫ్ అప్పటికి స్వతంత్ర సంస్థ కాదు. కోవెంట్రీలోని స్టాండర్డ్ మోటార్ కంపెనీ రెండో ప్రపంచ యుద్ధం చివర్లో ట్రయంఫ్‌ను కొనుక్కుంది. ఆ స్టాండర్డ్-ట్రయంఫ్‌ను 1961లో లారీలు, బస్సులు తయారుచేసే లేలాండ్ మోటార్స్ సొంతం చేసుకుంది. కొత్త యాజమాన్యం కింద ప్రధాన ఇంజనీరు హ్యారీ వెబ్‌స్టర్ తలపెట్టిన పనుల్లో 'ఎజాక్స్' అనే కొత్త కారు పథకం ఒకటి. ఇటలీలోని ట్యూరిన్ నగరానికి చెందిన డిజైనర్ జొవాన్నీ మికెలొట్టి దానికి రూపమిచ్చారు. ట్రయంఫ్ హెరాల్డ్ రూపం కూడా ఆయనదే.

1965 అక్టోబరు లండన్ మోటార్ షోలో అది ట్రయంఫ్ 1300గా బయటికి వచ్చింది. అది ఫ్రంట్‌వీల్ డ్రైవ్ కారు, అంటే ఇంజన్ తిప్పేది ముందు చక్రాలనే. ఇంజన్ నుంచి వెనక ఇరుసు దాకా కారు పొడవునా పెద్ద షాఫ్ట్ వేయనక్కర్లేదు కాబట్టి లోపల నేల చదునుగా ఉంటుంది, కాళ్లు చాపుకోవడానికి చోటు దొరుకుతుంది. అప్పటికే మినీ కారు ఇంజన్‌ను అడ్డంగా అమర్చి ఈ పద్ధతికి పేరు తెచ్చింది. ట్రయంఫ్ మాత్రం ఇంజన్‌ను కారు పొడవునే ఉంచి, శక్తిని కిందికి తెచ్చి ముందు చక్రాలకు మళ్లించింది. మినీలో ఇంజన్‌కూ గేర్‌బాక్స్‌కూ ఒకే ఆయిల్ వాడితే, ఇక్కడ రెండింటి ఆయిలూ వేరు. చెక్క డాష్‌బోర్డు, చక్కటి సీట్లతో అది పరువైన చిన్న కారుగా పేరు తెచ్చుకుంది. 1970 దాకా దాదాపు లక్షన్నర అమ్ముడయ్యాయి.

దీన్ని మొదట హెరాల్డ్ స్థానంలో తేవాలనుకున్నారు. తయారీ ఖర్చు పెరిగిపోవడంతో ఆ ధరకు ఇవ్వలేకపోయారు. హెరాల్డ్ 1971 దాకా పక్కపక్కనే కొనసాగింది. ఆ తర్వాత వచ్చిన మెలికలకు బీజం ఇక్కడే ఉంది.

803 సీసీ నుంచి 1493 దాకా: ఒక పాత ఇంజన్ ఎంత సాగింది

1300లో ఉన్న ఇంజన్ కొత్తది కాదు. 1953 నాటి స్టాండర్డ్ ఎయిట్ అనే చౌక కారు ఇంజన్‌కు అది వారసురాలు. ఇంజన్ పరిమాణాన్ని నిర్ణయించేవి రెండు: సిలిండర్ లోపలి వ్యాసం, అందులో పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం. వ్యాసాన్ని బట్టి వృత్త వైశాల్యం కట్టి, దాన్ని పిస్టన్ కదిలే దూరంతో, సిలిండర్ల సంఖ్యతో గుణిస్తే సీసీ వస్తుంది.

స్టాండర్డ్ ఎయిట్‌లో వ్యాసం 58 మిల్లీమీటర్లు, పిస్టన్ కదలిక 76. నాలుగు సిలిండర్లకు లెక్క కడితే 803 సీసీ. తొలి హెరాల్డ్‌లో కదలిక అదే 76, వ్యాసం 63కు పెరిగింది: 948 సీసీ. ట్రయంఫ్ 1300కు వచ్చేసరికి వ్యాసం 73.7, కదలిక మళ్లీ 76: 1296 సీసీ. అంటే పన్నెండేళ్లలో సిలిండర్లను తొలుస్తూ పోయారు తప్ప పిస్టన్ దూరాన్ని మార్చలేదు. ఇక వ్యాసం పెంచడానికి గోడల మధ్య చోటు మిగలక, తర్వాతి ఇంజన్‌కు పిస్టన్ కదలికను 87.5కు పొడిగించారు. అలా 1493 సీసీ వచ్చింది. పొడవుగా కదిలే పిస్టన్ నిదానంగా బాగా లాగుతుంది గానీ వేగంగా తిరగడానికి ఇష్టపడదు. ట్రయంఫ్ 1500 హుషారైన కారు కాలేకపోవడానికి ఈ లెక్కే కారణం.

ఈ ఇంజన్ కుటుంబం మన పెద్దలకు తెలిసినదే. మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా 1961 నుంచి తయారుచేసిన స్టాండర్డ్ హెరాల్డ్‌లో ఉన్నది ఆ 948 సీసీ ఇంజనే. ఒకప్పుడు ఆంధ్ర పట్టణాల వీధుల్లో అంబాసిడర్, ఫియట్‌ల పక్కన కనిపించిన ఆ మూడో కారుకు డోలమైట్ దూరపు బంధువు. డోలమైట్ మాత్రం మన దేశంలో తయారు కాలేదు.

1970లో ఒక బాడీ రెండుగా చీలింది

1968లో లేలాండ్, ఆస్టిన్, మోరిస్, జాగ్వార్ తదితర సంస్థలన్నీ కలిసి బ్రిటిష్ లేలాండ్ అయ్యాయి. హ్యారీ వెబ్‌స్టర్ ఆస్టిన్-మోరిస్ విభాగాన్ని చక్కదిద్దడానికి వెళ్లారు. రోవర్ నుంచి వచ్చిన స్పెన్ కింగ్ ట్రయంఫ్ ఇంజనీరింగ్ బాధ్యత తీసుకున్నారు.

1970లో 1300 స్థానంలో రెండు కార్లు వచ్చాయి. మొదటిది పైన చెప్పిన ట్రయంఫ్ 1500. పాత బాడీకే ముక్కూ తోకా పొడిగించి, నాలుగు దీపాలు పెట్టి, ఫ్రంట్‌వీల్ డ్రైవ్‌ను అలాగే ఉంచారు. రెండోది టొలీడో. అదే బాడీని పొట్టిగా ఉంచి, శక్తిని వెనక చక్రాలకు మళ్లించారు. బిడ్డ నడక నేర్చాక మళ్లీ పాకించినట్టుగా, ఆధునిక పద్ధతిలో ఉన్న కారును పాత పద్ధతికి తిప్పారు.

దీని మీద అప్పటి నుంచీ రెండు వాదాలు ఉన్నాయి.

ఒక వాదం ప్రకారం ఇది స్పష్టమైన తిరోగమనం. 1970ల్లో యూరప్ కుటుంబ కార్లు వరసగా ఫ్రంట్‌వీల్ డ్రైవ్ వైపు వెళ్లాయి. ఫియట్, రెనో, ఆ తర్వాత ఫోక్స్‌వాగన్ అటే నడిచాయి. ఐదేళ్లు ముందుండి సంపాదించిన అనుభవాన్ని ట్రయంఫ్ చేజేతులా వదులుకుందని ఈ వాదన. అందులో నిజముంది.

రెండో వాదం డబ్బుది. ముందు చక్రాలు అటూ ఇటూ తిరుగుతూనే శక్తిని అందుకోవాలంటే ఖరీదైన కీళ్లు కావాలి. ప్రత్యేకమైన గేర్‌బాక్స్ కావాలి, అది ట్రయంఫ్ తయారుచేసే మరే కారుకూ పనికిరాదు. రేర్‌వీల్ డ్రైవ్‌లో అయితే ఇతర మోడళ్ల గేర్‌బాక్స్, ఇరుసు భాగాలు వాడుకోవచ్చు. పోటీలో ఉన్నవి ఫోర్డ్ ఎస్కార్ట్, కోర్టీనా. ఆ రెండూ నిర్మాణంలో సాదాసీదా కార్లే, కొనేవాళ్లు దానికేమీ అభ్యంతరం చెప్పలేదు. హెరాల్డ్ కొనేవారి జేబుకు సరిపోయే కారు తేవాలంటే ట్రయంఫ్‌కు వేరే దారి లేదు.

ఈ రెండో వాదం వైపే నా మొగ్గు. కారణం ఖర్చు ఒక్కటే కాదు. టొలీడో కోసం వేసిన ఆ రేర్‌వీల్ డ్రైవ్ అమరిక సిద్ధంగా ఉండటం వల్లే తర్వాతి అడుగు సాధ్యమైంది.

స్వీడన్‌కు ముందు వెళ్లిన బ్రిటిష్ ఇంజన్

పాత ఇంజన్‌కు భవిష్యత్తు లేదని ట్రయంఫ్‌కు 1960ల మొదట్లోనే తెలుసు. ఇంజనీరు లూయిస్ డాట్రీ కొత్త ఇంజన్ గీతలు గీశారు. అందులో నాలుగు సిలిండర్లు నిటారుగా కాకుండా 45 డిగ్రీలు ఒక పక్కకు వాలి ఉంటాయి. అలా వాల్చడానికి ఒక లెక్క ఉంది. అలాంటి నాలుగు సిలిండర్ల వరసకు ఎదురుగా మరో వరసను వాల్చి అడుగున కలిపితే ఎనిమిది సిలిండర్ల వీ8 అవుతుంది. ఒకే రకమైన యంత్రాలతో రెండు ఇంజన్లు చేయవచ్చు. 1970లో ట్రయంఫ్ స్టాగ్‌లో వచ్చిన 2997 సీసీ వీ8 అలా పుట్టిందే. వాలుగా ఉన్న ఇంజన్‌కు ఎత్తు తగ్గుతుంది, బానెట్‌నూ కిందికి దించవచ్చు.

అదే సమయంలో స్వీడన్ సంస్థ సాబ్ కొత్త కారు కోసం ఇంజన్ వెతుకుతోంది. ఇద్దరికీ తెలిసిన బ్రిటిష్ ఇంజన్ సలహా సంస్థ రికార్డో ఈ సంబంధం కుదిర్చింది. అలా ఆ వాలు ఇంజన్ మొదట కనిపించింది ట్రయంఫ్‌లో కాదు, 1967 నవంబరులో స్టాక్‌హోమ్‌లో ఆవిష్కరించిన సాబ్ 99లో. పరిమాణం 1709 సీసీ. సాబ్ దాన్ని వెనకా ముందూ తిప్పి, గేర్‌బాక్స్‌ను కింద పెట్టి ముందు చక్రాలకు కలిపింది. అంటే ట్రయంఫ్ రూపొందించిన ఇంజన్‌తో స్వీడన్ వాళ్లు ఫ్రంట్‌వీల్ డ్రైవ్ వైపు సాగుతుంటే, ట్రయంఫ్ అదే ఇంజన్‌ను రేర్‌వీల్ డ్రైవ్ కారులో పెట్టడానికి సిద్ధమైంది.

డోలమైట్ వచ్చింది

1971 చివర్లో ప్రకటించి 1972 మొదట్లో అమ్మకానికి తెచ్చిన డోలమైట్‌లో మూడు పాత నిర్ణయాలు కలిశాయి. బాడీ 1500 నుంచి తీసుకున్న పొడవాటిది. చక్రాల అమరిక టొలీడో పద్ధతిది. ఇంజన్ సాబ్‌కు ఇచ్చినదే, వ్యాసం 83.5 నుంచి 87 మిల్లీమీటర్లకు పెంచడంతో 1854 సీసీ అయింది. పిస్టన్ కదలిక మాత్రం 78 దగ్గరే ఆగింది. 91 హార్స్‌పవర్‌తో గంటకు 160 కిలోమీటర్ల వేగం అందుకునేది.

పేరు పాతదే. 1930ల్లో ట్రయంఫ్‌లో డొనాల్డ్ హీలీ ఇటలీ ఆల్ఫా రోమియో స్ఫూర్తితో ఒక స్పోర్ట్స్ కారు చేసి డోలమైట్ అని పేరు పెట్టారు. 1935 మాంటీ కార్లో ర్యాలీకి వెళ్తూ డెన్మార్క్‌లో ఒక లెవెల్ క్రాసింగ్ దగ్గర ఆ కారును రైలు గుద్దింది. హీలీ బతికి బయటపడ్డారు.

స్ప్రింట్: ఎనిమిది ఉబ్బులతో పదహారు వాల్వ్‌లు

బీఎండబ్ల్యూ 2002 లాంటి చురుకైన చిన్న సెలూన్లకు, అంటే పైకప్పు మూసి వెనక డిక్కీ ఉన్న కార్లకు, పోటీగా నిలబడాలంటే 91 హార్స్‌పవర్ చాలదు. వ్యాసాన్ని 90.3కు పెంచి 1998 సీసీ చేశారు. అసలు మార్పు మాత్రం సిలిండర్లను పైనుంచి మూసే సిలిండర్ హెడ్‌లో జరిగింది.

వాల్వ్ అంటే సిలిండర్‌లోకి గాలీ పెట్రోలూ రావడానికీ, పొగ పోవడానికీ తెరుచుకునే తలుపు. సాధారణ ఇంజన్‌లో సిలిండర్‌కు రెండే: ఒకటి లోపలికి, ఒకటి బయటికి. నాలుగు పెడితే లాభమేమిటో ఒక చిన్న లెక్క చెబుతుంది. సిలిండర్ పైకప్పును చదునైన వృత్తం అనుకుందాం. అందులో ఒకదాన్నొకటి తాకుతూ పట్టే రెండు సమాన వృత్తాలు గీస్తే అవి పైకప్పులో సరిగ్గా సగం, అంటే 50 శాతం ఆక్రమిస్తాయి. నాలుగు సమాన వృత్తాలు గీస్తే సుమారు 69 శాతం ఆక్రమిస్తాయి. అంటే గాలి లోపలికి వచ్చే దారి మొత్తం వైశాల్యంలో 25 శాతం నుంచి 34 శాతానికి పెరుగుతుంది. పైగా ఒక్కో వాల్వ్ చిన్నదీ తేలికైనదీ అవుతుంది కాబట్టి వేగంగా తెరిచి మూయవచ్చు.

చిక్కు ఏమిటంటే, పదహారు వాల్వ్‌లను నడపాలంటే అప్పట్లో మామూలుగా రెండు క్యామ్‌షాఫ్ట్‌లు పెట్టేవారు. క్యామ్‌షాఫ్ట్ అంటే తిరుగుతూ వాల్వ్‌లను నొక్కే ఉబ్బులున్న కడ్డీ. రెండు కడ్డీలు, పదహారు ఉబ్బులు అంటే ఖర్చు ఎక్కువ, అది రేసు కార్ల సరుకు. స్పెన్ కింగ్ బృందం, కోవెంట్రీ క్లైమాక్స్ రేసు ఇంజన్ల అనుభవం ఉన్న ఇంజనీర్లతో కలిసి ఒక్క కడ్డీతో, ఎనిమిది ఉబ్బులతో పని జరిపించింది. ప్రతి ఉబ్బు తిరుగుతూ ముందు ఒక మీట ద్వారా పొగ వాల్వ్‌ను తెరుస్తుంది. అదే ఉబ్బు ఇంకొంచెం తిరిగాక నేరుగా తన కింద ఉన్న గాలి వాల్వ్‌ను నొక్కుతుంది. ఒకే ఉబ్బు ఒకే చుట్టులో రెండు పనులు చేస్తుంది. దీనికి ఒక పరిమితి ఉంది. రెండు వాల్వ్‌లూ తెరుచుకునే తీరు ఒకేలా ఉండక తప్పదు, వేర్వేరుగా సవరించుకునే స్వేచ్ఛ పోతుంది. కుటుంబ కారు ధరకు ఆ రాజీ ఎంతో చవక. 1974లో బ్రిటన్ డిజైన్ కౌన్సిల్ ఈ పనికి అవార్డు ఇచ్చింది. అందులోని తెలివికి అది తగిన గౌరవమే.

ఫలితాన్ని లీటరు లెక్కన చూస్తే తేడా కనిపిస్తుంది. డోలమైట్ 1850లో, అంటే ముందు వచ్చిన 1854 సీసీ డోలమైట్‌లో, 1.854 లీటర్లకు 91 హార్స్‌పవర్, అంటే లీటరుకు 49. మూడు లీటర్ల స్టాగ్ వీ8లో 145, లీటరుకు 48. స్ప్రింట్‌లో 1.998 లీటర్లకు 127, అంటే లీటరుకు దాదాపు 64. 30 శాతం ఎక్కువ. గాలిలో పెట్రోలు కలిపే పెద్ద కార్బురేటర్లకూ ఇందులో వాటా ఉంది గానీ, సింహభాగం ఆ హెడ్‌దే. మొదట కారుకు 'డోలమైట్ 135' అని పేరు పెట్టాలనుకున్నారు. ప్రకటించిన శక్తి 127 దగ్గర ఆగడంతో ఆ పేరు నిలవలేదు, స్ప్రింట్ అయింది.

1973 జూన్‌లో ధర 1,740 పౌండ్లు. పోటీలో ఉన్న బీఎండబ్ల్యూ కంటే బాగా తక్కువ. అల్లాయ్ చక్రాలు ధరలోనే కలిపి ఇచ్చారు. నిలుచున్న చోటు నుంచి గంటకు 60 మైళ్లు, అంటే 96 కిలోమీటర్లు, తొమ్మిది సెకన్లలోపే అందుకునేది.

'ప్రపంచంలో మొదటిది' అనే మాట ఎంతవరకు నిజం?

స్ప్రింట్‌ను భారీగా తయారైన మొదటి పదహారు వాల్వ్‌ల కారు అని తరచూ రాస్తుంటారు. పదహారు వాల్వ్‌ల ఆలోచన మాత్రం కొత్తది కాదు. 1912లోనే ప్యూజో రేసు కారులో సిలిండర్‌కు నాలుగు వాల్వ్‌లు ఉన్నాయి. 1920ల బెంట్లీలలో ఉన్నాయి. 1969 నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్‌లో ఆరు సిలిండర్లకు ఇరవై నాలుగు. 1970 ఫోర్డ్ ఎస్కార్ట్ ఆర్‌ఎస్ 1600లో, 1972 జెన్సన్-హీలీలో పదహారు. ఈ ఉదాహరణలు చూపి ఆ మాటను కొట్టిపారేసేవారు ఉన్నారు.

సమర్థించేవారు 'భారీగా' అన్న మాటను పట్టుకుంటారు. పైవన్నీ తక్కువ సంఖ్యలో తయారైన ఖరీదైన కార్లు, లేదా పోటీల కోసం చేసినవి. స్ప్రింట్ మామూలు అసెంబ్లీ లైన్ మీద, మామూలు కుటుంబ కారు పక్కనే తయారైంది. మొత్తం 22,941 తయారయ్యాయి. జెన్సన్-హీలీ సంఖ్య అందులో సగం కూడా లేదు. సాధారణ కుటుంబం కొనగల సెలూన్లలో మొదటిది అంటే నిలబడుతుంది. అంతకు మించి చెప్పుకోవాల్సిన అవసరం కూడా దానికి లేదు.

రేసుల్లో పేరు, గ్యారేజీలో చెడ్డపేరు

బ్రిటన్ సెలూన్ కార్ల ఛాంపియన్‌షిప్‌లో స్ప్రింట్ నడిపి 1975లో ఆండీ రౌజ్ టైటిల్ గెలిచారు. ఆ పోటీలో పాయింట్లు ఇంజన్ పరిమాణాన్ని బట్టి చేసిన తరగతుల వారీగా ఇచ్చేవారు. అందుకే 1977లో టోనీ డ్రాన్ స్ప్రింట్‌తో అనేక రేసుల్లో అందరికంటే ముందు గీత దాటినా, టైటిల్ చిన్న తరగతిలో క్రిస్లర్ అవెంజర్ నడిపిన బెర్నార్డ్ యూనెట్‌కు వెళ్లింది.

సొంతదారుల అనుభవం వేరు. ఇంజన్ వేడెక్కడం, హెడ్ వంకర పోవడం ఆ వాలు ఇంజన్‌కు అంటుకున్న అపవాదులు. డిజైన్‌లోనే లోపముందనేవారి దగ్గర ఆధారాలున్నాయి. నీళ్ల పంపు ఇంజన్ పైభాగంలో ఉంది, నీళ్లు కాస్త తగ్గినా ముందు ఎండిపోయేది అదే. హెడ్‌ను బిగించే స్టడ్‌లలో ఒక వరస ఏటవాలుగా ఉంటుంది. అవి తుప్పు పట్టి అల్యూమినియం హెడ్‌ను పట్టేస్తే విప్పడం నరకం. తప్పు తయారీదనేవారు కూడా ఉత్తచేతులతో లేరు. పోత పోసిన ఇంజన్ బ్లాకుల్లో (సిలిండర్లుండే ప్రధాన భాగాల్లో) ఇసుక మిగిలిపోయి నీటి దారులు మూసుకుపోయేవని, బాగా శుభ్రం చేసి కట్టిన ఇంజన్లు ఏళ్ల తరబడి నడిచాయని వారు చూపుతారు. రెండూ కలిసే కారును దెబ్బతీశాయి. ఇంజన్‌ను బాగా ఎరిగిన సాబ్ 1972 నుంచి దాన్ని తిరిగి రూపొందించి సొంతంగా తయారు చేసుకుంది. ఆ వంశంలోంచే 1970ల చివర సాబ్ 99 టర్బో వచ్చింది. ఓపికగా మెరుగు పెడితే ఆ ఇంజన్ ఎంత దూరం వెళ్లగలదో సాబ్ చూపించింది. కోవెంట్రీలో ఆ మెరుగు పెట్టడానికి డబ్బూ లేదు, వ్యవధీ లేదు.

పేర్ల సర్దుబాటు, ఆఖరి రోజులు

స్ప్రింట్ వచ్చిన నాలుగు నెలలకే చమురు సంక్షోభం మొదలైంది. 1974 ఆరంభంలో విద్యుత్ పొదుపు కోసం బ్రిటన్ ఫ్యాక్టరీలు వారానికి మూడు రోజులే నడిచాయి. 1975లో బ్రిటిష్ లేలాండ్ ప్రభుత్వం చేతికి వచ్చింది. 1976లో టొలీడో, 1500 టీసీ పేర్లు తీసేసి అన్నిటినీ డోలమైట్ గొడుగు కిందికి తెచ్చారు. 1300 నుంచి స్ప్రింట్ దాకా ఒకే పేరు, ఒకే పొడవు బాడీ. ఇంజన్లు మాత్రం రెండు వేర్వేరు వంశాలవి: 1300, 1500లలో 1953 నాటి పాత ఇంజన్ సంతతి, 1850, స్ప్రింట్‌లలో వాలు ఇంజన్. డోలమైట్ అనగానే స్ప్రింట్‌ను ఊహించుకుని 1300 చూసినవారు నిరాశపడటానికి కారణం ఇదే.

దాని స్థానంలో రావలసిన ఎస్‌డీ2 అనే కొత్త కారును సంస్థ డబ్బు లేక మధ్యలోనే ఆపేసింది. 1965 నాటి బాడీ మీదే డోలమైట్ 1980 దాకా నడిచి ఆగిపోయింది. కోవెంట్రీలోని కెన్లీలో కార్ల అసెంబ్లీ కూడా ఆ ఏడాదే ముగిసింది. 1979 చివర్లో హోండాతో కుదిరిన ఒప్పందం ప్రకారం 1981లో హోండా బల్లాడ్‌ను ఆక్స్‌ఫర్డ్ శివార్లలోని కౌలీలో తయారుచేసి ట్రయంఫ్ అక్లైమ్ అని పేరు పెట్టారు. అది ఫ్రంట్‌వీల్ డ్రైవ్ కారు. 1984లో అక్లైమ్ నిలిచిపోయాక ట్రయంఫ్ పేరుతో మరో కారు రాలేదు.